పోయేటప్పుడే ఏడ్చే బండి

నా చెవి తప్పు చెప్పిందనే మాట ఈ ఓర్వకల్లు చుట్టుపక్కల ఇంతవరకు ఎవురూ ఇనలేదు. గొప్పలు గాదప్పా, ఉండే మాట. రోడ్డు పక్కన నా షెడ్డు ముందర మంచమేసుకోని కండ్లు మూసుకోనుంటా. పోయే బండి యాదో, దాంట్లో యా చక్రం బాగలేదో, తోలేవాడు ఇంట్లో పెండ్లాంతో కొట్లాడి వచ్చినాడో లేదో, చప్పుడును బట్టే చెప్తా. ఆ మధ్య మా ఊరి విమానాల తావులో ఒక విమానం దిగతాంటే, "దాని ఎడమ చక్రానికి గ్రీజు అయిపోయింది" అని మంచం మీదనించే అంటి. తెల్లారి పైలెట్టు టోపీ చేతిలో పట్టుకోని వచ్చి, "చౌడప్పగారంటే ఎవరండీ?" అని అడిగినాడు. టీ తాగిచ్చి పంపిస్తి.

ఇట్లాంటి చెవి కాబట్టే ఉరుకుందు నాకాడికి వచ్చినాడు.

ఉరుకుందు మా ఊరోడు. నన్ను మామా అంటాడు. ఉల్లిగడ్డలు, టమేటాలు కర్నూలు మార్కెట్టుకు తోలేదానికి ఒక పికప్పు బండి పెట్టుకోనుండాడు. ఒకప్పుడు వాడు వస్తాండాడంటే బండికంటే ముందర వాని పాట వచ్చేది. శివలీల పోయినాక పాట పోయింది, బండి ఒకటే వస్తాండె.

శివలీల వాని పెండ్లాం. మంచి పిల్ల. దానికి కడుపులో యాదో పుండు పెరిగింది. కర్నూల్లో పెద్ద డాక్టర్లే చూసి, ఇంగ ఇంటికాడ పెట్టుకోని బాగా చూసుకోండి అనిరి. అప్పట్నించి ఆ పిల్లకు ఒకటే మాట: "నన్ను మాయమ్మ కాడికి తోలుకపో." పుట్టిల్లు ఆత్మకూరు దోవలోనే. బండికి పెద్ద దూరమేం గాదు. వీడు రేపు అంటాడు, ఈ లోడు కానీ అంటాడు. తోలుకపోతే మల్ల తిరిగి రాదేమోనని వాని భయం. అది నాకు తర్వాత చెప్పినాడు.

ఆఖరికి ఒక వానపొద్దు ఆ పిల్లే లేచి, చీర మార్చుకోని, బండెక్కి కూచునింది. ఇంగ తోలక యాడికి పోతాడు? దోవలో ఏరు రోడ్డు మీదికి ఎక్కిండె. అటు పక్క లారీలు, ఇటు పక్క బస్సులు నిలబడి చూస్తాండాయి. వీడు నిలబడలేదు. చక్రాలు మునిగే నీళ్లలో బండి దించి, యట్లనో ఒడ్డెక్కిచ్చినాడు. ఏరు దాటినాక ఒక గుట్ట. గుట్టను చుట్టుకోని రోడ్డు ఎడమపక్కకు తిరుగుతాది. ఆ మలుపులో ఒక పెద్ద చింతచెట్టు. దయ్యాల కథలో చింతచెట్టు లేకుంటే ఎట్ల, ఉండాల గదా. మలుపు తిరిగితే పుట్టింటి మిద్దెలు కనపడతాయి. మలుపు తిరిగేటప్పుడు ఆ పిల్ల వీని భుజం మీదికి ఒరిగింది. మిద్దెలు కనపడినాయి, వీడు "అదో మీ ఊరు" అన్నాడు. ఆ పిల్ల లేదు.

కర్మలయినాక శివలీల తల్లి నాగలక్ష్మమ్మ మనవరాలిని పిల్చకపోయింది. మనవరాలి పేరు హర్షిణి, పలకా పుస్తకం మోసే వయసు. "కొన్నాళ్లు నాకాడ ఉండనీ నాయనా, నాకుండేది ఇదొక్కటే గదా" అంటే వీడు కాదనలేకపోయినాడు. ఆదివారం ఆదివారం పోయి బిడ్డను చూసి వస్తాండె.

వానలు పోయి చలికాలం వచ్చినాక మొదలైంది ఆ చప్పుడు.

మొదట తుమ్మెద మాదిరి. రాను రాను పెద్దదైంది. కొంగు నోట్లో కుక్కోని ఆడమనిషి ఏడిస్తే యట్లుంటాది? అట్ల. బయటికి రానీకుండా, లోపల ఆపుకోలేకుండా. అదీ యాడపడితే ఆడ గాదు. ఆ గుట్ట మలుపులోనే. అదీ పుట్టింటి దిక్కు పోయేటప్పుడే. తిరిగి వచ్చేటప్పుడు అదే మలుపులో బండి నోరు ఎత్తదు.

ఇంగ ఊర్లో మాటలు మీకు చెప్పాల్నా? శివలీల పుట్టింటికి పోయేటప్పుడు ఎక్కుతాది, ఏడుస్తాది, ఇల్లు కనపడినాక దిగుతాది, అందుకే వచ్చేటప్పుడు ఉండదు. అందరికీ లెక్క సరిపోయింది. ఉరుకుందు నిమ్మకాయలు తొక్కిచ్చె, గుమ్మడికాయ కొట్టిచ్చె, వేపమండలు కట్టె, నల్లతాడు యాలాడదీసె. నా షెడ్డు ముందర ఆపేసరికి బండి ముందరి భాగం కూరగాయల అంగడి మాదిరి ఉండె.

"ఏమప్పా ఉరుకుందూ, కూర చేద్దామని తెచ్చినావా?" అంటి.

వాడు నవ్వలేదు. "మామా, నాగలక్ష్మత్త పిల్లను పంపనంటాంది. నా కూతురు ఏడ్చే బండి ఉండే ఇంటికి నా మనవరాలిని పంపను, ఆ ఏడుపు నిలిపి రా, పిల్లను పిల్చకపో, బడి తెరిచేలోపల నిలపలేదంటే ఈడనే బళ్లో చేరుస్తా అనె. ఒకసారి బళ్లో ఏసిందంటే బిడ్డ ఇంగ నాది గాదు మామా."

"బండి అమ్మేయి."

"కూడు పెట్టేది అదే గదా. అదీగాక..." అని మాట నిలిపేసినాడు. ఆ అదీగాక ఏందో అడగకుండానే తెలిసింది. ఆఖరికి ఆ పిల్ల కూచున్న సీటు అది.

"దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. బేరింగు పోయింది. పద, చెవితో పట్టిస్తా" అని ఎక్కితి. డ్రైవరు పక్కన, ఎడమ కిటికీ కాడ కూచుంటి. నంద్యాల రోడ్డు మీద కొంత దూరం తోలిచ్చి, కండ్లు మూసుకోని చెవి పెట్టి ఇంటి. సన్నంగా గుంయ్యిమంటాండాది. "ఎడమ, ముందరిది" అంటి. చక్రం జాకీ మీద ఎత్తి, పొడుగు స్క్రూడ్రైవరు కొన చక్రం నడిమధ్య హబ్బుకు ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకోని, తిప్పిచ్చి, తల ఊపితి. డాక్టరు గొట్టం పెట్టుకున్నట్టు ఉండాల గదా చూసేవాళ్లకు.

ఎడమ చక్రం ఇప్పి, హబ్బు దించి చూస్తే లోపల బేరింగు కొత్త పెండ్లికూతురు మాదిరి మెరుస్తాండాది. మచ్చ లేదు. అయినా చెవి చెప్పినాక కండ్ల మాట ఇంటానా? "పైకి ఇట్లనే ఉంటాది, లోపల సచ్చింటాది" అని కొత్తది ఏసి పంపిస్తి.

ఆదివారం పోయినాడు. సోమవారం పొద్దున్నే వచ్చి నా మంచం కొసకు కూచున్నాడు.

"ఏడ్చిందా?" అంటి.

"ముందరికంటే పెద్దగా ఏడ్చింది. అత్త రోడ్డు మీదికి వచ్చి నిలబడుకోనుండె. పిల్లను ఎనక్కి పట్టుకోని, 'బేరింగులు మార్చే పని గాదు నాయనా ఇది, నా బిడ్డ ఏడుపు ఇది' అనె. మామా, అది బేరింగు గాదు. నన్నే అడగతాంది. పానముండంగా ఎందుకు తోలుకరాలేదు అని అడగతాంది."

మా ఇంట్లోది, యశోద, టీ గ్లాసులు తెచ్చి పెట్టి ఆ మాట ఇని కొంగుతో ముక్కు తుడుచుకునింది. "వచ్చే ఆదివారం నేనూ వస్తా" అంటి.

పోయినాం. యశోద అన్నం కట్టిచ్చింది, టిఫిను డబ్బా నా కాళ్లకాడ పెట్టుకుంటి. మంచి ఎండ. రోడ్డుకు అటూ ఇటూ ఎండిపోయిన శెనక్కాయ చేన్లు, బండలు. దోవలో ఉండే వంకరలన్నీ ఊర్ల నడిమధ్యలోవే, స్పీడుబ్రేకర్లు దాటుకుంటా మెల్లగ పోవాల్సిందే. ఆ సన్నటి గుంయ్యి తప్ప బండి ఒక్క మాట అనలేదు. ఏరు దాటినాం, బొట్టు నీళ్లు లేవు, ఇసక. అప్పుడు గుట్ట కనపడింది. ఉరుకుందు చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

మలుపులోకి దిగినామో లేదో, మొదలైంది.

అప్పా, నేను యాభై ఏండ్లుగా ఇనుము అరిచేది ఇంటాండా. ఇనుము ఇట్ల అరవదు. కింద యాడనో మొదలై, సీటు కిందనించి పైకి వచ్చి, ఈపులోకి ఎక్కింది. ఊఁ... అని దీర్ఘం తీసి, మధ్యలో ఊపిరి తిప్పుకోని, మల్ల ఊఁ... అని. మా ఇద్దరి నడుమ ఖాళీ సీటు. నేను దాని దిక్కు చూడలేదు. చూడాలనిపించింది, చూడలేదు. మిద్దెలు కనపడంగానే, నోరు మూసినట్టు నిలిచిపోయింది.

ఉరుకుందు బండి పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. "ఇంటివి గదా మామా."

"ఇంటి. ఎనక్కి తిప్పు" అంటి.

ఎనక్కి అదే మలుపులో వచ్చినాం. చీమ చిటుక్కుమనలేదు. అదే ఎక్కువ భయం పుట్టిచ్చింది నాకు. "మల్ల తిప్పు" అంటి. మల్ల పోయినాం, ఏడ్చింది. మల్ల వచ్చినాం, మూగి. ఒక్క దేవుని పేరూ గుర్తు రాలేదు నాకు, వచ్చిన పేర్లన్నీ స్పేరుపార్టులవే.

ఆ తిప్పులాటలో నా అన్నం డబ్బా నన్ను కాపాడింది. పోయేటప్పుడు డబ్బా నా కాళ్లకాన్నించి జారి ఉరుకుందు కాళ్లకాడికి పోయింది. వచ్చేటప్పుడు వాని కాన్నించి జారి నాకాడికి వచ్చింది. ఉరుకుందు దాన్ని కాలితో తోసి, "ఈ డబ్బా ఒకటి నడిమధ్యలో" అని ఇసుక్కున్నాడు.

నేను డబ్బా దిక్కే చూస్తాంటి. చిన్నప్పుడు మా నాయన ఎద్దులబండిలో కట్టెలు తెచ్చేటప్పుడు, బండి యా పక్కకు వాలితే ఆ పక్క ఇరుసే కిర్రోమనేది. బరువు పడిన చక్రమే అరిచేది.

"ఉరుకుందూ, ఆపు. పోయేటప్పుడు రోడ్డు ఎడమకు తిరుగుతాది. బండి కుడిపక్కకు వాలుతాది. మోసేది కుడి చక్రం. వచ్చేటప్పుడు అదే మలుపు కుడిమలుపు. అప్పుడు మోసేది ఎడమది. అది పెండ్లికూతురు మాదిరి ఉండాదని చూసినాం గదా, అందుకే మాట్లాడదు. పోయింది ఎడమది గాదు, కుడిది."

వాడు నా దిక్కు చూసినాడు. "నీ చెవి ఎడమ అని చెప్పె గదా మామా. నీ చెవికి తప్పు తెలీదు గదా."

ఇంగ దాచేదేముంది. మొదట్లో నా చెవి గురించి మీకు చెప్పినా చూడండి, దాంట్లో సగం నిజం. సగమంటే ఒక చెవి. కుడి చెవి నాకు ఇనపడక శానా ఏండ్లాయె. అన్ని చప్పుళ్లూ నాకు ఎడమపక్కనించే వస్తాయి. మంచం మీద పండుకోని నేను చెప్పిన వాటిల్లో ఎడమ చక్రాలన్నీ సరిపోయినాయి, కుడి చక్రాలవాళ్లు యాడికి పోయి బాగుచేయించుకున్నారో వాళ్లకే ఎరుక. యశోదకు తెలుసు. అందుకే అది యాపొద్దూ నా ఎడమపక్కే కూచుంటాది, తిట్టేది ఒక్క మాట కూడా వృథా పోకూడదని.

వానికీ ఇదే చెప్పినాక ఉరుకుందు నవ్వినాడు. ఆ పిల్ల పోయినాక వాడు నవ్వేది నేను చూసింది అప్పుడే.

షెడ్డుకు వచ్చి, కుడి ముందర చక్రం జాకీ మీద ఎత్తితి. ఈ తూరి చెవి జోలికి పోలేదు. ఒక చెయ్యి చక్రం ఎనకపక్క ఇనుము మీద పెట్టి, ఇంకో చేత్తో చక్రం తిప్పితి. ఏలి కొసల్లోకి గరగరమని వచ్చింది, తిరగలిలో రాళ్లు పడినట్టు. పైనా కిందా పట్టుకోని ఊపితే లొటలొట ఊగింది. "పెట్టు చెయ్యి" అని ఉరుకుందు చెయ్యి గూడ పెట్టిచ్చి తిప్పితి. వాడు చెయ్యి తీసేసుకున్నాడు, కాలినట్టు.

చక్రం ఇప్పి, బ్రేకు పక్కకు కట్టి, నడిమధ్య మూత ఊడదీసి, పిన్ను లాగి, నట్టు ఇప్పి, హబ్బు రెండు చేతుల్తో బయటికి దించితి. ఎనకపక్క సీలు చినిగిపోయుండాది. సీలంటే లోపల గ్రీజు బయటికి రాకుండా, బయటి నీళ్లు లోపలికి పోకుండా కాపాడే రబ్బరు. లోపల గ్రీజు ఉండాల్సిన తావులో ఎర్రటి బురద. ఎండి, తుప్పు కలిసి, సన్నటి ఇసకతో.

నేను గుడ్డ తీసుకుంటి తుడిచేదానికి. ఉరుకుందు నా మణికట్టు పట్టుకున్నాడు.

"మామా, నిలువు. ఇది ఆ పొద్దు ఏటి నీళ్లు."

నిజమే గదా. మునిగిన చక్రంలోకి ఆ పొద్దు పోయిన నీళ్లే. గ్రీజును కడిగేసి, మెల్లగ తుప్పు పట్టి, బేరింగు గుండ్లను తిని, నెలల తర్వాత గొంతు ఎత్తినాయి. దయ్యం లేదని నేనంటి. ఏడుపు ఆ పొద్దుదే అని వాడంటాడు. ఇద్దరిదీ ఒకటే మాట.

వాడు ఆ బురదను ఏలితో ముట్టుకున్నాడు. "దీన్ని బాగుచేస్తే ఆ పిల్ల ఇంగ రాదా మామా?"

"బాగుచేయకపోతే ఈ చక్రం ఒకపొద్దు అదే మలుపులో ఊడి పోతాది. అప్పుడు బండిలో ఎవురుంటారో చెప్పలేం. నీ కూతురే ఉండొచ్చు."

ఉరుకుందు నా చేతిలో గుడ్డ తీసుకోని, వాడే తుడిచినాడు. గోరు సందుల్లో ఉండేది గూడ తుడిచి, గుడ్డ పారేయకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మిగతా పని నా పని. బేరింగు కూచునే పాత ఇనుప కప్పులు హబ్బులోనించి కొట్టి తీసి, కొత్తవి వంకర పోకుండా చుట్టూ కొంచెం కొంచెం కొట్టి కూచోబెడితి. అరచేతిలో గ్రీజు పెట్టుకోని, బేరింగు అంచును దాంట్లోకి వత్తి వత్తి, గుండ్ల సందుల్లోనించి అవతలికి వచ్చేదాకా నింపితి. కొత్త సీలు, కొత్త పిన్ను. నట్టు బిగిచ్చి, చక్రం తిప్పి, మల్ల రవ్వంత వదులు చేస్తి. ఊగకూడదు, పట్టేయకూడదు. తిప్పితే చక్రం నిద్రపోతాండే బిడ్డ ఊపిరి మాదిరి తిరిగింది.

మరుసటి ఆదివారం మధ్యాన్నం నాగలక్ష్మమ్మ ఇంటి ముందర ఆపినాం. ఆయమ్మ సన్నటి మనిషి, చేతులు ఎప్పుడూ కొంగు కొసను మెలిపెడతా ఉంటాయి. "ఏడ్చలేదే ఈ పొద్దు" అనె. మేం వచ్చేది ఇనపడలేదని అప్పటికే రోడ్డు మీదికి వచ్చి చూస్తాండె.

"అమ్మా, మీరే కూచోని ఒకసారి చూడండి" అంటి.

ఎక్కింది. హర్షిణి ఆయమ్మకూ నాకూ నడుమ దూరి, నా ఒళ్లోకి జరిగి కిటికీ పట్టుకునింది. మలుపు దాటి ఏటిదాకా ఎనక్కి పోయి, తిప్పుకోని, పుట్టింటి దిక్కు వచ్చినాం. ఉరుకుందు స్పీడు తగ్గియ్యలేదు. గుట్ట వచ్చింది. బండి కుడికి వాలింది. చింతచెట్టు నీడ అద్దం మీద పడి, బండి లోపలంతా చల్లగైంది, చేతి మీద రోమాలు లేచేంత. చప్పుడు లేదు. ఇంజను, గాలి, అంతే. నాగలక్ష్మమ్మ కొంగు మెలిపెట్టేది నిలిపి, మెడ ముందరికి పెట్టుకోని ఇంటాండె. హర్షిణి కిటికీలోనించి చెయ్యి బయటికి పెట్టి ఊపింది.

మిద్దెలు కనపడినాయి.

"ఇంగొకసారి తిప్పు నాయనా" అనింది నాగలక్ష్మమ్మ.

తిప్పినాం. ఏమీ లేదు.

ఆయమ్మ మనసు చల్లబడతాదని నేను అనుకుంటి. కొంగులో ముఖం పెట్టుకోని ఏడ్చింది. బండి ఏడ్చినట్టే ఏడ్చింది, నోట్లో కుక్కోని. "ఆదివారం ఆదివారం ఇంటాంటి. పంచలో కూచోని, అదో వస్తాంది నా బిడ్డ అనుకుంటాంటి. నిలపమని నేనే అంటి. నిలిపేదానికి మీచేత గాదనుకుంటి గదా నాయనా."

ఉరుకుందు బండి ఆపి దిగి, అటు తిరిగి నిలబడుకున్నాడు. జేబులోనించి ఆ మడిచిన గుడ్డ తీసి ఆయమ్మ చేతిలో పెట్టినాడు. ఆయమ్మ మూతి తుడుచుకోబోయి, ఎర్రగా ఉండేది చూసి, మడిచి నడుముకు దోపుకునింది.

"అన్నమాట తప్పను. పిల్ల గుడ్డలు మూటగడతా" అని దిగింది. దిగతా హర్షిణిని అడిగింది, "ఎవురికి ఊపితివే చెయ్యి?"

"ఆడ నీడలో నిలబడుకోనుండె గదా అవ్వా, ఆయమ్మకి."

నాగలక్ష్మమ్మ పిల్ల తల నిమిరి లోపలికి పోయింది. ఆ సాయంత్రం పిల్ల నాయనతో ఇంటికి వచ్చింది. బడి తెరిచినాక మా ఊరి బళ్లోనే పోతాంది. ఇప్పుడు ఉరుకుందు, నాగలక్ష్మమ్మను గూడ ఆదివారం ఆదివారం ఈడికి తెచ్చి దింపుతాండాడు. బండి నోరెత్తదు.

ఇంతసేపు ఇన్నారు కాబట్టి ఒక మాట చెప్పాల. దీంట్లో ఒకటి నేను కల్పించినా. పైలెట్టు సంగతి గాదు, అది అబద్ధమని మీకు అప్పుడే తెలుసు, దాన్ని లెక్కలోకి తియ్యొద్దు. నేను కల్పించింది చింతచెట్టు. ఆ మలుపులో చెట్టు లేదు. చింత లేదు, వేప లేదు, తుమ్మ గూడ లేదు. నున్నటి గుట్ట, బండలు, ఎండ. కావాలంటే పోయి చూసుకోండి. నీడ మాత్రం పడింది. నా చేతి మీదనే పడింది, చల్లగ. రెండోసారి తిప్పినప్పుడు పడలేదు. చెట్టు లేని తావులో నీడ పడిందంటే ఈ ముసలోనికి చెవితో పాటు కండ్లు గూడ పోయినాయంటారని, నేనే ఒక చెట్టు నాటినా.